అడ్డగీత

పన్నెండు చెక్కుడు కలాలు.
పన్నెండింటికీ ఎర్ర రంగు పిడులు.
నూనె కాగితంలో పసిపిల్లల్లా చుట్టి పంపారు.
సముద్రాలు దాటి, సుంకం కట్టించుకుని,
కోంగ్స్‌బెర్గ్‌లో నా బల్ల మీదికి వచ్చేసరికి
బయట మంచు మోకాలు దాటింది.

మంచి కలం ఒక్కదాని ధరకి
ఈ పన్నెండూ, పైన ఒక బిగింపు గుండు.
మళ్లీ మళ్లీ లెక్కేసుకున్నాను.
లెక్క ప్రతిసారీ నా వైపే మొగ్గింది.

పని నేర్పిన ఆస్లాక్ కలం ఒకటి నా దగ్గరుంది.
నలభై ఏళ్లు నూరగా నూరగా
బొటనవేలంత మిగిలింది.
"గోరు మీద ఆనించి చూడు," అనేవాడు,
"కరిస్తే పదును. జారితే లేచి కాఫీ పెట్టుకో."

కొత్తవి కరిచాయి.
మోసం అక్కడే ఉంది,
మొదటి పూట ఏదైనా కరుస్తుంది.

మూడో చెంచా దగ్గర మొన మెత్తబడింది
ఉడికిన బంగాళదుంపలా.
నూరాను. పైపొర పోయాక
లోపల ఎవరో తొందరలో చల్లార్చిన ఇనుము.
ఇంకోటి తీస్తే అది చక్కెర పలుకు, తాకితే చిట్లింది.
గుండు తిప్పుతుంటే ఒకే చోట
దానికి ఎక్కిళ్లు.

తెలుసు. తెలిసే
కాగితం ముక్క మడిచి సందులో దూర్చాను.
కారుచౌకగా కొన్నదానికి
ముందు కాగితం ముక్క అప్పిస్తాం,
తర్వాత చెయ్యి అప్పిస్తాం,
ఆ తర్వాత మనకే తెలియకుండా
మన పేరు.

ఇక్కడ బిడ్డ నామకరణానికి వెండి చెంచా ఇస్తారు.
కాడ మీద పేరు,
గిన్నెలో పుట్టిన గడియ, పొడవు, బరువు.
బస్సు నడిపే గుడ్‌లేక్ కాగితం మీద రాసిచ్చాడు,
మనవడి బరువు
ఒక కిలో నాలుగు వందల పది గ్రాములు.
"సున్నా మరిచిపోకు," అన్నాడు.

సున్నా మరిచిపోలేదు. బరువంతా బాగా వచ్చింది.
మిగిలింది పేరు: టోర్.
మూడే అక్షరాలు, నడిమిది గుండ్రం.
గుండ్రం చెక్కేటప్పుడు చెయ్యి తిరగకూడదు,
చెయ్యి కదలకుండా ఉండాలి,
కింద గుండు తిరగాలి.

ముప్పావు వంతు తిరిగాక
గుండుకి ఎక్కిలి వచ్చింది.
మొన విరిగింది.
అక్షరం మీద, కింది ఎడమ నుంచి పై కుడికి,
కొలిచి గీసినట్టు
ఒక అడ్డగీత.

వేరే లిపిలో అయితే అది గీతే.
మా లిపిలో అది మరో అక్షరం.
టోర్ పోయి ట్యోర్ వచ్చింది.
టోర్ పిడుగుల దేవుడు.
ట్యోర్ అంటే, తెగిస్తాడు.

రుద్దితే పోయే లోతు కాదు.
రాత్రంతా కూర్చుని కొత్త చెంచా మీద
ఆస్లాక్ బొటనవేలు ముక్కతో చెక్కాను.
ఆ వెండి ఖరీదుకి
రెండు మంచి కలాలు వచ్చేవి.

గుడ్‌లేక్ వచ్చాడు, బూట్ల మంచు చాప మీద దులిపి.
రెండూ ముందు పెట్టి చెప్పాల్సింది చెప్పాను.
కళ్లజోడు నుదుటికెత్తి
పాడైనదాన్ని చాలాసేపు చదివాడు,
మూడక్షరాలు అంతసేపు ఎలా చదువుతారో!
"ఇది కూడా ఇవ్వు," అన్నాడు.
కోటు లోపలి జేబులో వేరుగా పెట్టుకున్నాడు.

ఇంగ్విల్, కొత్తగా వచ్చావు, నీకు చెబుతున్నా,
ఆ ముసలాయన మంచితనాన్ని
కలం ఖాతాలో జమ వేయకు.

ఇంకా తొమ్మిది ఉన్నాయి.
రంగు డబ్బాల మూతలు తీయడానికి పనికొస్తున్నాయి.
ఒకటి కిటికీ సందులో చలిగాలి ఆపుతోంది.
అప్పుడప్పుడు ఆ నూనె కాగితం గుర్తొస్తుంది.
అంత శ్రద్ధగా మడిచిన చేతులెవరివో,
గంటకి ఎన్ని మడవమన్నారో.

కరిచిందని మురిసిపోయిన గీత
నా ఎడమ బొటనగోరు మీద ఇంకా ఉంది,
రోజుకింత పైకి జరుగుతూ.
అది కత్తెరకి అందేదాకా
ఏ పార్సెల్ వచ్చినా నువ్వు విప్పకు.